వకీలుకి పడిన నాలుగు

నీరజ ఎవరినీ ఏదీ అడగదు. బస్సులో ముగ్గురు పట్టే సీట్లో ఇద్దరు బార్లా కూర్చున్నా 'జర జరుగుండ్రి' అనదు, ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా నిలబడే వస్తుంది. పక్కింటి కరివేపాకు చెట్టు గోడ దాటి వీళ్ల వాకిట్లోకి వంగి ఉంటుంది. అయినా రెండు రెబ్బలకి నాచారం మార్కెట్టు దాకా నడుస్తుంది తప్ప చెయ్యి పైకెత్తదు. "గింత పౌరుషం ఏడికెల్లొచ్చిందో దీనికి" అని తల్లి రాజేశ్వరమ్మ విసుక్కుంటుంది. పౌరుషమైతే గొడవే లేదు, దాన్ని చూసి నలుగురూ మెచ్చుకునేవాళ్లు. ఆమెది నామోషీ.

నీరజ తండ్రి చిదంబరం ఒక ప్రభుత్వ రంగ కంపెనీలో ఫిట్టరు. డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి పని ఇస్తారు. దానికి కారుణ్య నియామకం అని పేరు. అప్పుడే డిగ్రీ అయిన నీరజకి ఆ పని వచ్చింది. చేరిన వారంలోనే, ఆమె వెనకే ఉందని తెలియక, హెడ్ క్లర్కు జనార్ధనరావు టీ తాగుతూ పక్కాయనతో అన్నాడు: "ఇలా జాలిపడి ఇచ్చుకుంటూ పోతే రేపు ప్రతివాడూ చెయ్యి చాపుతాడయ్యా."

ఆయన చెడ్డవాడేం కాదు. అన్న మాట ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటాడు, తర్వాత రిటైరై వెళ్లిపోయాడు కూడా. నీరజ మాత్రం మరిచిపోలేదు. పట్టుబట్టి చదివి డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాసి, రెండు ప్రమోషన్లు తెచ్చుకుంది. అయినా కొత్తగా వచ్చిన ఆఫీసరెవరైనా ఆమె గురించి వాకబు చేస్తే, "నీరజ గారా? కారుణ్యం కేసు" అనే జవాబే ముందొచ్చేది. మనిషి పోయి కేసు మిగిలింది. అప్పటినుంచి ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతకడమే పనిగా పెట్టుకుంది.

అలాంటి మనిషికి ఒక ఆట దొరికింది. ఆఫీసులో స్నేహితురాలు కమలకుమారి ఒక ఆదివారం చిల్కానగర్‌లో తన ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్లింది. తిన్నాక ఆమె భర్త సుధీంద్ర, కూతురు సిరి బల్ల మీద పాచికలు పరిచారు. సుధీంద్ర హబ్సిగూడ వైపు ఒక ల్యాబులో సైంటిస్టు. సిరి ఘట్‌కేసర్‌లో ఇంజనీరింగు చదువుతోంది. అది కథ చెప్పుకుంటూ ఆడే ఆట. సుధీంద్ర గేమ్ మాస్టరు, అంటే రాజ్యం, అడవి, దొంగలు, రాజు అంతా ఆయన నోట్లో ఉంటారు. మిగతావాళ్లు తలో పాత్ర కట్టి ఆ కథలో దిగి, మా వాడు ఇలా చేస్తాడు, ఇలా అంటాడు అని చెప్పుకుంటూ పోవాలి. చేసింది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. నలభైకి దగ్గరపడ్డ ఆడమనిషి ఆదివారం పూట ఇదేం పని అని ముందు నవ్వుకున్న నీరజ, చీకటి పడేవేళకి గుహలో రాక్షసి జుట్టు పట్టుకుని ఉంది. మళ్లీ వారం పిలవకుండానే వచ్చింది. పిలవకుండా ఆమె ఎవరింటికైనా వెళ్లడం అదే మొదలు.

నాలుగో మనిషి జీవన్. జనగామ వైపు వాడు. కమలకుమారి వాళ్ల బిల్డింగు మీదే టెర్రస్ గదిలో అద్దెకుంటూ నాచారంలో సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో మిషన్ నడుపుతాడు. ఆ మిషన్ల రొదలో మాట వినపడదు. షిఫ్టంతా చేతులతోనే మాట్లాడుకుంటారు, నీళ్లకొక సైగ, సూపర్‌వైజర్ వస్తున్నాడంటే ఒక సైగ. వారమంతా మూగనోము పట్టిన జీవన్ ఆదివారం ఈ బల్ల దగ్గర నోరు విప్పితే, మిర్చి బజ్జీలు వేయిస్తున్న కమలకుమారి కూడా పొయ్యి చిన్నది చేసి వినేది. అంత బాగా చెప్పేవాడు.

ఒక పెద్ద కథ ముగిసింది. కొత్తది మొదలుపెట్టే ముందు తగువొచ్చింది. కొత్త పాత్రల్ని ఎలా కట్టాలి?

పాత్రకి ఆరు గుణాలుంటాయి: బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, మాట. వాటిని రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. గేమ్ మాస్టరు కొన్ని మార్కులిస్తే ఎవరికి కావలసినట్టు వాళ్లు ఆరింటికీ పంచుకోవడం ఒకటి. ఒక్కో గుణానికీ మూడు పాచికలు వేసి, ఎంత పడితే అంతే, ఎక్కడ పడితే అక్కడే అని ఒప్పుకోవడం రెండోది. మూడు పడితే అధమం, పద్దెనిమిది పడితే అందలం.

"ఎంచుకుందాం సార్" అన్నాడు జీవన్. వాడి కళ్లు మెరుస్తున్నాయి. "నా మనసుల ఒకడున్నడు. వకీలు. పేరు గూడ పెట్టిన, వీరమల్లు. రాజు దర్బార్ల గరీబోళ్ల దిక్కు నిలవడి మాట్లాడుతడు. వానికి మాట గట్టిగుండాలె, గంతే. మిగిలినయి ఎంతున్నా సరే."

"నేనూ దానికే ఓటు. ఎవరికిష్టమైన మనిషిని వాళ్లు ఆడుకుంటేనే కదా సరదా" అన్నాడు సుధీంద్ర.

"వద్దు సార్" అంది నీరజ. అంత గట్టిగా అనాలని ఆమె కూడా అనుకోలేదు. "ఎంచుకునుడంటే ఏంది? మీరిన్ని మార్కులిస్తే మేం పంచుకునుడు. డైస్ అయితే ఎవ్వరి దయ ఉండదు. పడ్డది పడ్డదే. అది నాది."

"పుట్టుక ఎట్లాగూ మన చేతుల లేదు గదక్కా" అన్నాడు జీవన్ నవ్వుతూ, "ఆటలన్న ఉండొద్దా?"

జవాబు లేనప్పుడు మనిషి గొంతు పెంచుతాడు, ఆమె కూడా పెంచింది. అందరూ ఎంచుకుంటే అందరూ మొనగాళ్లే అవుతారంది, లోపం లేని మనుషులతో కథ ఏం నడుస్తుందంది. చివరికి సిరి ఇటు మొగ్గింది. "డాడీ, డైస్ వేద్దాం. ఏం వస్తుందో తెలియకపోతేనే థ్రిల్లు." సుధీంద్ర చేతులెత్తేశాడు.

ముందు నీరజ వేసింది. బలం, చురుకు, ఓర్పు అంతంతమాత్రం. తెలివికి వేసినప్పుడు ఒకటి ఆరు, ఒకటి అయిదు పడ్డాయి. మూడో పాచిక బజ్జీల పళ్లేనికి తగిలి ఎగిరి సోఫా కిందికి దొర్లింది. నీరజ వంగి చూసింది. పక్కన వెదురు మోడా మీద కూర్చున్న జీవన్ కూడా సాయానికి వంగాడు. సోఫా కింద చీకట్లో పాచిక మీద ఒక్కటే చుక్క ఉంది.

"కింద పడ్డది లెక్కలోకి రాదు లెండి, మళ్లీ వేసెయ్యండి" అన్నాడు పైనుంచి సుధీంద్ర.

నీరజ మాట్లాడకుండా పాచిక తీసి మళ్లీ వేసింది. ఆరు! సిరి ఈల వేసింది. తెలివి పదిహేడు. అదే సోఫా కింద ఆరు పడి, బల్ల మీద ఒకటి పడి ఉంటే, 'పడ్డది పడ్డదే' అన్న మనిషి ఏ శాస్త్రం చదివేదో మనకి తెలియనిది కాదు. అప్పుడు మాత్రం తేలు కుట్టిన దొంగలా గప్‌చుప్‌గా పదిహేడు రాసుకుంది.

తర్వాత జీవన్. బలానికి పదిహేను పడింది. మిగతావి మామూలే. చివరిది మాట. పాచికల్ని రెండు గుప్పిళ్ల మధ్య పెట్టుకుని, కళ్లకద్దుకుని వేశాడు. ఒకటి, ఒకటి, రెండు.

నాలుగు. నాలుగంటే దర్బారులో వాదించడం కాదు గదా, దారి అడగడం కూడా చేతకాని వాడన్నమాట. జీవన్ ముఖం చిన్నబోయింది. సుధీంద్ర వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగాడు. "సార్, ఎక్కువేం వద్దు. బలంల పడ్డది మాటకు, మాటల పడ్డది బలానికి మార్చుకోనిస్తరా? హమాలీ బలం నాకేం పని? రెండు వారాలాయె సార్, వకీలు కోసం మస్తు అనుకుంటున్న."

సుధీంద్ర సరేననబోయాడు. ఆయన నోరు తెరిచేలోపే నీరజ అందుకుంది.

"అడిగి తీసుకున్నది సొంతమెట్లయితది జీవన్? గిట్ల జాలిపడి ఇచ్చుకుంట పోతే రేపు ప్రతి ఒక్కడు చెయ్యి చాపుతడు."

మాట బయటికొచ్చాక ఆమె చెవికి తగిలింది. ఇదెవరి మాట? టీ గ్లాసు, స్టూలు మీద జనార్ధనరావు, ఆయన వెనక గోడకి అతుక్కుని నిలబడ్డ తను, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. పదహారేళ్లు ఏ మాట తల్చుకుని కుమిలిపోయిందో ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా ఇంకొకడి మొహాన కొట్టింది. తల కొట్టేసినట్టయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ క్షణంలోనే 'పొరపాటు, మార్చుకో' అని ఉంటే కథ అక్కడితో పోయేది. అనలేదు. నామోషీ మనిషిని మంచివాణ్ని చేస్తుందనుకుంటారు గానీ, చాలాసార్లు నోరు కుట్టేస్తుంది.

"కరెక్టే అక్కా" అన్నాడు జీవన్. నాలుగు రాసుకున్నాడు. ఆ సాయంత్రం వీరమల్లు అనే హమాలీని ఆడాడు. మూటలు మోశాడు, అడిగినదానికి తల ఊపాడు. కమలకుమారి రెండుసార్లు వంటింట్లోంచి తొంగిచూసి, వాడి గొంతు వినపడక వెనక్కి వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం జీవన్ రాలేదు. షిఫ్టు మారిందన్నాడట. ఆ పై ఆదివారమూ రాలేదు. ఆట చప్పగా సాగింది. లేచి వెళుతుంటే సిరి గేటు దాకా వచ్చింది.

"ఆంటీ, షిఫ్ట్ ఏం మారలేదు. పైనే ఉన్నాడు. బట్టలు ఉతుక్కుంటున్నాడు."

"నా మీద కోపమా?"

"కోపం నాకు" అంది సిరి. ఆ పిల్ల తండ్రిలా మెత్తని మనిషి కాదు. "సోఫా కింద మీ డైస్ వన్ పడింది కదా. తను చూశాడు, ఎందుకు రావట్లేదని నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. మీరూ చూశారు. నేను మా డాడీకి చెప్తానంటే, 'వద్దు సిరీ, అక్క పరువు పోతది' అన్నాడు. మీరేమో తనని అంత మాటన్నారు."

నీరజకి నేల బద్దలై తనని లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. ఈ గింజకి బాగా తెలుసు, తెలిసే దాచుకుంది, పక్కవాడు కూడా చూసి దాచిపెట్టాడు. అంటే ఆమె పదిహేడు కూడా ఒకరు దయతలచి వదిలేసిన పదిహేడే.

గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి మెట్లెక్కింది. టెర్రస్ మీద జీవన్ తీగ మీద చొక్కాలు ఆరేస్తున్నాడు. ఆమెని చూసి గదిలోంచి కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"నాది ఒకటి పడ్డది జీవన్. నేను చూసిన. చూసి గూడ చెప్పలె."

"అరే, కింద పడ్డది ఎవ్వరు లెక్కవెట్టరక్కా. గంత పెద్ద ముచ్చటేం కాదు."

"పెద్ద ముచ్చటనే. పడ్డది పడ్డదే అన్నది నేను గద." ఎవరికీ చెప్పనిది చెప్పింది. "నా నౌకరి గూడ నాకు గట్లనే వచ్చింది. మా నాయన పోతే జాలిపడి ఇచ్చిన్రు. నిన్ను అన్న మాట నన్ను అన్నదే. గా మాట ఎంత మండుతదో నాకు ఎరుక. ఎరుకుండి గూడ నిన్నన్న."

జీవన్ చేతిలోని తడి చొక్కా పిండాడు, పిండిందే మళ్లీ పిండాడు.

"నువ్వు రా. సార్‌తోని నేను మాట్లాడుత. వకీలునే ఆడు. మాట ఎంత కావాలంటే అంత పెట్టుకో" అంది.

"వద్దక్కా."

"ఎందుకు?"

"ఆ దినం ఇస్తే ఆట అయితుండె" అన్నాడు జీవన్. గొంతులో కోపం లేదు, అదే ఆమెకి మరీ కష్టమైంది. "ఇప్పుడిస్తే దయ అయితది. నీకు తెల్వదా అక్కా? నాలుగు నాకు పడ్డది, నేను దాంతోనే ఆడుత. వచ్చే ఐతారం వస్త, ఫికర్ చెయ్యకు."

ఇంటికొచ్చేసరికి రాజేశ్వరమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంది. నీరజ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి అడిగింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట.

"అమ్మా, నాకు నౌకరి ఎట్లొచ్చింది?"

"ఎట్లొస్తది? అడిగితే వచ్చింది." తల్లి తలెత్తలేదు. "మీ నాయన దినాలు అయినంక పోయిన. గీ టేబుల్ కాడ నిలవడితే గా టేబుల్ కాడికి పొమ్మన్నరు. గాడికి పోతే రేపు రమ్మన్నరు. ఎన్ని రేపులో! ఒకాయన అయితే మొకం మీదనే అన్నడు, గిట్ల ఇచ్చుకుంట పోతే అందరు చేతులు సాపుతరని. సాపుతం సారూ, మాకు సాపేటందుకు చేతులన్న మిగిలినయి అన్న. ఎందుకు నామోషీ? ఆయన ఇంట్లకెల్లి ఇస్తున్నడా?"

ఆ మాట తనకంటే ముందు అమ్మ తింది. తిని, అరిగించుకుని, ఇంత అన్నం చేసి పెట్టింది. తను మాత్రం ఇన్నేళ్లూ దాన్ని గొంతులో పెట్టుకుని తిరిగి, చివరికి ఒక మిషన్ ఆపరేటర్ మీద ఉమ్మేసింది.

రాజేశ్వరమ్మ అప్పుడు తలెత్తి కూతురి ముఖంలోకి చూసింది. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"నేను అడిగినందుకు నువ్వు నామోషీ పడుతున్నవా బిడ్డా? ఇన్ని దినాల సంది?"

నీరజ వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు చేతిలోకి తీసుకుంది. ఆ రాత్రి కూర ఇద్దరికీ సహించలేదు.

ఆదివారం జీవన్ వచ్చాడు. అన్నమాట ప్రకారం వీరమల్లు హమాలీగానే కూర్చున్నాడు. సుధీంద్రతో నీరజ సోఫా కింది ఒకటి సంగతి చెప్పి పదిహేడు కొట్టేసి పన్నెండు రాసుకుంది. ఆయన ఇబ్బందిగా 'అబ్బే, ఎందుకండీ' అన్నాడు. జీవన్ కిటికీలోంచి బయటికి చూశాడు. తప్పు ఒప్పుకుంటే గుండె తేలికవుతుందంటారు. ఆమెకేమీ కాలేదు.

కథ రాజధానికి చేరింది. దర్బారులో ఉప్పలయ్య అనే నేతగాడిని కట్టేసి నిలబెట్టారు. రాణి గారి పట్టుచీర దొంగిలించాడట. అతని తరఫున ఎవరూ మాట్లాడకపోతే చెయ్యి నరికేస్తారు. సిరి పాత్ర అడవిలో చిక్కుకుని ఉంది. దర్బారులో ఉన్నది నీరజ ఆడే పండితురాలు, జీవన్ ఆడే హమాలీ.

"ఎవరు మాట్లాడతారు?" అని రాజు గొంతుతో అడిగాడు సుధీంద్ర.

అందరూ అలవాటు కొద్దీ జీవన్ వైపు చూశారు. జీవన్ తన కాగితం మీది నాలుగు చూపించి తల అడ్డంగా ఊపాడు. మూతి బిగించుకున్నాడు గానీ వేళ్లు మోకాలి మీద ఆడుతున్నాయి. వాడి లోపల వకీలు లేచి నిలబడ్డాడని బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుస్తోంది.

నీరజ మొదలుపెట్టింది. "మహారాజా, ఇతను... ఇతని విషయం తమరు పరిశీలించి..." ఆఫీసు నోట్‌లో వాక్యంలా వచ్చింది. రాజు ఆవలించాడు. ఇంకోసారి ప్రయత్నించింది, ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. తలారి కత్తి తీశాడని చెప్పాడు సుధీంద్ర.

నీరజ మోడా వైపు తిరిగింది. కళ్లెత్తి వాడి ముఖంలోకి చూడాలంటే ఒళ్లంతా ముడుచుకుపోతోంది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"జీవన్, నాకు మాటలొస్తలేవు. జర నీయి ఇస్తవా?"

"డాడీ, రూల్ ప్రకారం ఓకేనా?" అంది సిరి గుసగుసగా.

"వీరమల్లు మాట్లాడకూడదు" అన్నాడు సుధీంద్ర. "వాడిని అడగకూడదని మాత్రం ఎక్కడా లేదు."

జీవన్ చాలాసేపు ఆమెనే చూశాడు. ఇవ్వనంటాడేమో, అలా అనే హక్కు వాడికి ఉందనుకుని నీరజ చూపు దించుకోకుండా ఉండిపోయింది. చివరికి వాడు మోడా జరుపుకుని ఆమె పక్కకి వచ్చాడు.

"ముందుగాల రాజును పొగడొద్దక్కా" అన్నాడు ఆమెకి మాత్రమే వినపడేంత మెల్లగా. "ఆయన పేరు చెప్పు. ఉప్పలయ్య అను. ఇంట్ల ఎవరెవరున్నరో చెప్పు. మనిషి పేరు తెలిసినంక చెయ్యి నరుకుడు అంత అల్కగ కాదు."

నీరజ లేచి నిలబడి, ఉప్పలయ్య పేరు చెప్పింది. వాడు ఒక్కో మాటా అందిస్తుంటే ఆమె ఒక్కో మాటా తీసుకుని పైకి అంటోంది. వంటింట్లో కమలకుమారి పొయ్యి చిన్నది చేసింది. సిగ్గు నీరజని వదల్లేదు. ఆమె తప్పు పలికిన చోట జీవన్ ఆపి, మళ్లీ చెప్పించాడు.